పది వేళ్ళ గణితం: ఖాన్ బహదూర్ అజీజుల్ హక్

రేషను దుకాణంలో యంత్రంపై వేలు ఉంచి బియ్యం తెచ్చుకొనడం నేడు మన ఇళ్ళలో నిత్యకృత్యమైనది. ఆ వేలిముద్రల విద్యకు పునాది వేసిన వారిలో ఒకరు మన దేశపు పోలీసు ఉద్యోగి అని మా విద్యార్థులలో చాలమందికి తెలియదు. నిజం చెప్పవలసివస్తే, కొంతకాలం క్రితం వరకు మాకూ తెలియదు.

కాజీ అజీజుల్ హక్ 1872లో అవిభక్త వంగదేశంలోని ఖుల్నా ప్రాంతంలో జన్మించారు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం అభ్యసించారు. వంగరాష్ట్ర పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ ఈయనను సబిన్‌స్పెక్టరుగా తన శాఖలో చేర్చుకొన్నారు.

ఆనాడు నేరస్థులను గుర్తించడానికి ఫ్రాన్సు దేశీయుడు బెర్టిలాన్ కనుగొన్న పద్ధతి వాడుకలో ఉండేది. తల, చేయి, పాదం కొలిచి వ్రాసుకొనేవారు. కొలిచేవాడు మారితే కొలతా మారేది! వేలిముద్ర అటువంటిది కాదు. 1858లోనే జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక గుత్తేదారు చేత ఒప్పందపత్రంపై చేతిముద్ర వేయించారు. అయితే చిక్కు వేరొకచోట ఉంది. వేలకొలది ముద్రల కాగితాలు పోగుపడిన తరువాత, పేరు మార్చుకొని వచ్చిన మనిషి పాత కాగితాన్ని వెదకి తీయడమెట్లు?

మన పెద్దలు వేళ్ళపై శంఖాలు, చక్రాలు లెక్కించి భాగ్యం చెప్పేవారు. హక్ వాటినే లెక్కించి చిరునామా చెప్పారు. పది వేళ్ళను ఐదు జతలు చేశారు. ఒక్కొక్క జతలో రెండూ శంఖాలు కావచ్చు, రెండూ చక్రాలు కావచ్చు, లేక ఒకటి శంఖమై, మరొకటి చక్రం కావచ్చు. ఏది ముందు అన్నదానిని బట్టి ఈ చివరిది రెండు విధాలు. వెరసి నాలుగు. నాలుగును ఐదు మార్లు హెచ్చవేయగా 1024 వస్తుంది. అది 32కు వర్గం! కావున నిలువునకు 32, అడ్డమునకు 32 గూళ్ళు గల బీరువా చాలును. అరుదుగా కనిపించే చాపాకార రేఖలను శంఖాలలోనే కలిపివేశారు. సహోద్యోగి హేమచంద్ర బోస్ ఈ విభజనను మరింత సూక్ష్మం చేసి, ముద్రల వివరాలను తంతిలో పంపడానికి సంకేతాలు కూడ రూపొందించారు.

1897లో ప్రభుత్వం ఈ పద్ధతిని ఆమోదించగా కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలసింది. మరుసటి ఏడు జల్పాయిగురి తేయాకు తోట హత్యకేసులో, పంచాంగంపై పడిన బొటనవ్రేలి రక్తపు మరక పాత నౌకరును పట్టి ఇచ్చింది. న్యాయస్థానం అతనిని దొంగగా శిక్షించింది గాని, హంతకుడని నిర్ధారించలేదు. ముద్ర వచ్చినది ఎవరో చెప్పగలదు, వచ్చి ఏమి చేశాడో చెప్పలేదు. ఈ తారతమ్యం నేటి యంత్రాలవారూ గమనింపదగినది.

1900లో హెన్రీ తన గ్రంథం ప్రకటించారు. 1901లో స్కాట్లాండ్ యార్డులో ఆ పద్ధతి ప్రవేశించి లోకమంతట హెన్రీ పేరిటనే చెలామణి అయింది. హక్‌కు 1913లో ఖాన్ సాహెబ్, 1924లో ఖాన్ బహదూర్ బిరుదులు లభించాయి. ఐదువేల రూపాయల పారితోషికమూ ముట్టింది. తన సిబ్బందిలో అందరికన్న ఈయన కృషే మిన్న అని హెన్రీ లేఖాముఖంగా అంగీకరించే నాటికి 1926 వచ్చింది. ఆలస్యమైనా ఒప్పుకొనడం హెన్రీ పెద్దరికమే, కాని లోకానికి అప్పటికే అలవాటైన పేరు మారలేదు.

ఆధార్ నమోదులో పది వేళ్ళ ముద్రలు తీసుకొని, ఈ మనిషి ఇదివరకే మరొక పేరుతో ఉన్నాడా అని కోట్లాది ముద్రలలో గణకయంత్రం వెదకుతుంది. పనిముట్టు మారినా, ప్రశ్న హక్ ఎదుర్కొన్నదే.

ఆయన బిహారులోని మోతీహారీలో స్థిరపడి 1935లో అక్కడే కన్నుమూశారు. పోలీసు పాఠ్యగ్రంథాలలో నేటికీ అది హెన్రీ పద్ధతే.