మన్రో దొర చూచిన తోరణం



పులివెందుల నుండి వేంపల్లె మీదుగా గండికి వెళ్ళినవారు పాపాఘ్ని నది కొండలను చీల్చుకొని బయటపడే చోటు చూచే ఉంటారు. ఆ రెండు కొండల నడుమ మన్రో దొరకు బంగారు తోరణం కనబడిందని మన పెద్దలు చెప్పుకొంటారు. అది కనబడినవాడు పుణ్యాత్ముడనీ, ఎక్కువ కాలం బ్రతకడనీ వారి నమ్మకం. కథ మీకు కొత్త కాదు. దాని వెనుక ఒక మహమ్మారి, ఒక కుటుంబపు దుఃఖం ఉన్నాయి.

థామస్ మన్రో 1761లో స్కాట్లాండులోని గ్లాస్గోలో జన్మించాడు. సైన్యంలో చేరి 1780లో మద్రాసు వచ్చాడు. నిజాం కంపెనీకి వదలిపెట్టిన మన దత్త మండలాలకు 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరు. గుడారాలలో బస చేస్తూ ఊరూరా తిరిగి, నేరుగా రైతుతోనే శిస్తు మాట్లాడిన మనిషి. శిస్తు తక్కువేమీ కాదు, అది వేరే సంగతి. అయినా జనం ఆయనను తమవాడనుకొన్నారు. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు.

1814లో జేన్ క్యాంబెల్‌ను పెండ్లాడి, 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1826లో చిన్న కుమారుడికి జబ్బు చేస్తే తల్లి వాడిని తీసుకొని ఇంగ్లండుకు ఓడ ఎక్కింది. ఆయన పని ముగియక ఉండిపోయాడు. గిండీ తోటలో నడుస్తుంటే బిడ్డ గుర్తుకు వస్తున్నాడని, ఇల్లు బోసిపోయిందని భార్యకు ఉత్తరాలు వ్రాశాడు. రాజీనామా పంపినా, బదులు గవర్నరు రావడం ఆలస్యమైంది. ఈలోగా పాత మండలాలను చివరిసారి చూచి వద్దామని 1827 మే నెలాఖరున బయలుదేరాడు.

1817లో బెంగాలులో లేచిన కలరా అప్పటికే ఎన్నో దేశాలు తిరిగింది. అది చెడిన నీటితో వస్తుందని ఆనాటి వైద్యులకు తెలియదు. జూలై 6న పత్తికొండ బసలో ఉదయం ఆయనకు తగిలింది. రాత్రికి ప్రాణం పోయింది. గుత్తిలో పాతిపెట్టారు. వార్త తెరచాప ఓడలో సముద్రం దాటడానికి నెలలు పట్టేది. ఆ నెలలన్నీ ఆ ఇల్లాలి లెక్కలో భర్త బ్రతికే ఉన్నాడు.

ఇది చదువుతుంటే మీలో కొందరికి 2021 వేసవి గుర్తుకు రాక మానదు. ముఖం చూడకుండానే, మట్టి వేయకుండానే అయినవారిని సాగనంపాము. ప్రొద్దుటూరైనా, జమ్మలమడుగైనా, ఆ ఇళ్ళకు వెళితే నాకు వినిపించేది ఒకే మాట: ఆసుపత్రికి ఇంకొక్క రోజు ముందు తీసుకుపోయి ఉంటే! ఆ పెళ్ళికి పోకుండా ఉంటే! ఈ “ఉంటే” మనిషిని లోలోపల తినేస్తుంది. భార్యతోపాటే 1826లో ఓడ ఎక్కి ఉంటే మన్రో బ్రతికేవాడేమో. బంగారు తోరణాన్ని నేను నమ్మను. కాని దానిని కట్టినవారు ఎందుకు కట్టారో నాకు అర్థమవుతుంది. ఎవరి తప్పూ లేదని చెప్పడానికి వారికి ఒక కథ కావలసివచ్చింది.

మనం ఆ కథ కూడా చెప్పుకోలేదు. మగవారైతే మరీను. ఏళ్ళు గడిచినా నిద్రపట్టని వారు, అన్నం సయించని వారు, చచ్చిపోదామనిపిస్తున్నదని మెల్లగా అనేవారు మన విచారణలలోనే ఉన్నారు. అది విశ్వాసం తక్కువై కాదు. గురువు దగ్గరకు రండి, వైద్యుని దగ్గరకు కూడా వెళ్ళండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

మన్రో చనిపోయిన పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం ప్రభుత్వం చెట్ల తోపు వేయించి, మెట్ల బావి త్రవ్వించింది. 1831లో ఆయన అవశేషాలను గుత్తి నుండి మద్రాసు కోటలోని సెయింట్ మేరీ గుడికి తరలించారు, చనిపోయిన నాలుగేళ్ళకు.