రమణ మహర్షుల మితాహారము

అరుణాచల రమణుల చరిత్రమున ఆత్మవిచారమే ప్రధానమని తలచి, వారి భోజనపంక్తిని పలువురు చూడక దాటిపోవుదురు. నాకు మాత్రము ఆ విస్తరి యొద్ద కొంతసేపు నిలువవలెననిపించును.

వేంకటరామన్ అను పేర 1879 డిసెంబరు 30న తిరుచ్చుళిలో జన్మించిన ఆయన, 1896 సెప్టెంబరు 1న అరుణాచలము చేరిరి. మొదటి దినములలో దేహస్మృతియే లేదు. ఎవరైన నోటికందించిననే ఆహారము. పసుపు, చక్కెర, అరటిపండ్లు కలిసిన అమ్మవారి అభిషేకక్షీరమును తెచ్చి యిచ్చినను మారాడక త్రాగెడివారు. అది చూడలేక అర్చకుడొకరు శుద్ధమైన పాలు వేరుగా పంప నియమించిరి. పిమ్మట తామే వీధిలోనికి పోయి, చప్పట్లు చరచి, దోసిట పడినది అక్కడనే భుజించి, చేతులు తలకు తుడుచుకొని మరలెడివారు. విరూపాక్షగుహలో నున్నపుడు వచ్చిన భిక్షయంతయు ఒక్కటిగా కలిపి, ఉప్పు లేకున్నను, అందరును పంచుకొనిరి.

ఇది ఉపవాసదీక్ష యని పొరబడరాదు. నియమములన్నిటిలో మితమైన సాత్త్వికాహారము శ్రేష్ఠమని వారి బోధ. దేహమును శోషింపజేయుట కాదు.

1916లో తల్లి అళగమ్మ వచ్చి చేరిన పిదప వంట మొదలైనది. ఆమె యొకప్పుడు అప్పడములు చేయుటకు సాయము రమ్మనగా, ఆత్మవిచారమునే అప్పడముగా చేయు విధమును పాటగా కట్టి యిచ్చిరి!

1922లో తల్లి సిద్ధిపొందినది. ఆమె సమాధి యొద్ద ఆశ్రమము పెరిగినది. భక్తులు పిండివంటలు తేజొచ్చిరి. అసలు పరీక్ష అప్పుడే. లేనినాడు మితముగా తినుట యెవరికైనను తప్పదు గదా! మహర్షులు తెల్లవారకముందే వంటయింట కూర్చుండి కూరలు తరిగెడివారు. ఆకుకూర కాడలనైన పారవేయనీయరు. నేలరాలిన బియ్యపుగింజను ఏరి యెత్తిపెట్టెడివారు. పంక్తిలో తమకొక గరిటె హెచ్చుగా పడినచో వడ్డించినవానికి మందలింపు తప్పదు. కూర, పులుసు, భక్ష్యము సమస్తమును అన్నములో కలిపి ముద్దచేసి తినెడివారు. రుచి తెలియక కాదు. పాకమున వారికి గల నేర్పు వంటవారందరును ఎరిగినదే. తెలిసిన నాలుకను గెలుచుట కష్టతరము. విస్తరిలో సగము విడుచుటయే మర్యాద యనుకొను మన విందులను తలచినపుడు, మెతుకు మిగులని ఆ విస్తరి నాకు గుర్తువచ్చును.

ఈ వంటయింటి ముచ్చటలు పెక్కులు తెలుగువారికి దక్కినవన్న సూరి నాగమ్మగారి లేఖలే కారణము.

1950 ఏప్రిల్ 14న మహర్షులు దేహము చాలించిరి. ఆశ్రమభోజనశాలలో నేటికిని నేలపై పంక్తిగా కూర్చుండియే భుజింతురు. అంతకుముందే వెలుపల బీదలకు అన్నము పెట్టుదురు.