చార్లెస్టన్ కాపరి చూసిన పసికందు

ఆలివర్ హార్ట్ పేరు బాప్టిస్టు సంఘ చరిత్ర చదివినవారికి తెలిసినదే. 1723లో పెన్సిల్వేనియాలో పుట్టారు. 26 ఏళ్ల వయసులో దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్ సంఘానికి కాపరిగా వచ్చి 30 ఏళ్లు సేవ చేశారు. 1780లో బ్రిటిషు సైన్యం రావడంతో ఊరు విడిచి, న్యూజెర్సీలోని హోప్‌వెల్ సంఘాన్ని కాస్తూ 1795లో ప్రభువునందు నిద్రించారు. వైద్యుల పుస్తకాల్లో మాత్రం ఆయన పేరు వేరే కారణంగా నిలిచింది. ఈ వారం ఆ సంగతి చెప్పాలనుకున్నాం.

1750 ఏప్రిల్ 5, గురువారం. ముందు రాత్రి పుట్టిన ఒక బిడ్డను చూడడానికి ఆయన వెళ్లారు. చూసినది డైరీలో రాసుకున్నారు. ఎండి, గట్టిపడి, చేప పొలుసుల్లా పగిలిన చర్మం. గుండ్రంగా తెరుచుకున్న నోరు. ముక్కు, చెవులు ఉండవలసిన చోట రంధ్రాలే. నెత్తుటి ముద్దల్లా బయటికి తిరిగిన కళ్లు. ముడుచుకుపోయిన చేతులు, కాళ్లు. బిడ్డ చాలా సన్నగా ఏదో శబ్దం చేస్తోందనీ, దాన్ని వర్ణించడం తన వల్ల కాదనీ రాశారు. ఆ బిడ్డ సుమారు 48 గంటలు బ్రతికింది.

ఇప్పుడు హార్లెక్విన్ ఇక్తియోసిస్ అంటున్న వ్యాధికి దొరికిన తొలి వివరణ ఇదే. ఇక్తియోసిస్ అన్నది చేప అనే గ్రీకు మాట నుంచి వచ్చింది. పేరు లేని రోజుల్లో హార్ట్‌కూ చేపే తోచింది. హార్లెక్విన్ అంటే పాత నాటకాల్లో డైమండ్ గళ్ల బట్టలు వేసే విదూషకుడు. బాధపడే పసికందుకు ఆ పేరు పెట్టడం మాకు రుచించదు గాని, అదే నిలిచిపోయింది.

మమ్మల్ని ఆపినది ఆయన రాయని విషయం. అలాంటి కాన్పును దేవుని తీర్పుగా చెప్పుకునే కాలమది. ఆయన రాసినదాంట్లో తల్లి పాపం, శాపం అన్న మాటలే లేవు. మన సంఘాల్లో గ్రహణం, శాపం అన్నవి ఇంకా వినబడుతున్నాయి. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన ప్రశ్ననే మనం బాలింత మంచం దగ్గర అడుగుతున్నాం.

2005లో కారణం తెలిసింది. ఏబీసీఏ12 అనే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపంతోనే వస్తే, చర్మం పైపొరకు చేరవలసిన కొవ్వు చేరదు. ఆ తల్లిదండ్రులకు పైకి ఏ జబ్బూ ఉండదు. వారికి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాల్లో ఇలాంటివి ఎక్కువ. వ్యాధికి సరైన పేరు తెలిస్తేనే తర్వాతి కాన్పుకు జన్యు పరీక్ష చేయించుకునే దారి దొరుకుతుంది. ఇన్‌క్యుబేటర్, లేపనాలు, రెటినాయిడ్ మందులతో ఇప్పుడు కొందరు పిల్లలు పెద్దవారవుతున్నారు.

హార్ట్‌కు ఇవేవీ తెలియవు. తాను చూసేసరికి బిడ్డ ప్రాణంతో ఉందని మాత్రం చివర్లో రాసి ముగించారు.