వీధిలో నడిచేవారిని చూసిన వైద్యుడు



ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవిత విశేషాలు రాసి పంపమని మన కార్యదర్శిగారు కోరారు. గాంధీగారి గురించి, ప్రకాశం పంతులుగారి గురించి రాయడానికి నాకంటె అర్హులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత, మనం పేరు విని ఉండి, మనిషిని మాత్రం ఎరుగని ఒక వైద్యుని గురించి రాస్తున్నాను. ఆయన జేమ్స్ పార్కిన్సన్. ఆయన పేరుగల జబ్బుతోనే నేను కొన్నేళ్ళుగా కాపురం చేస్తున్నాను గనుక ఆపాటి హక్కు నాకున్నదనుకుంటాను.

పార్కిన్సన్ 1755 ఏప్రిల్ 11న లండన్‌లోని హాక్స్టన్ అనే పేటలో జన్మించారు. తండ్రి కూడా వైద్యుడే. ఆయన దగ్గరే పని నేర్చుకుని, అదే పేటలో జీవితమంతా వైద్యం చేశారు. జ్ఞానస్నానం, వివాహం, చివరకు సమాధి కూడా సెయింట్ లియొనార్డ్స్ అనే ఒకే చర్చిలో జరిగాయంటే, ఆ పేటను ఎంతగా అంటిపెట్టుకుని బ్రతికారో ఊహించవచ్చు.

ఆయన కేవలం మందులిచ్చే వైద్యుడు కారు. సామాన్యులకు ఓటు హక్కు కావాలని పోరాడిన ఒక సంఘంలో సభ్యుడు. ముసలి హ్యూబర్ట్ అనే మారుపేరుతో ప్రభుత్వాన్ని విమర్శిస్తూ కరపత్రాలు రాశారు. 1794లో రాజుగారిని చంపడానికి కుట్ర జరిగిందని కొందరిని అరెస్టు చేసినప్పుడు, రాజు సలహామండలి ముందు నిలబడి మిత్రుల పక్షాన సాక్ష్యం చెప్పారు. ఆ కరపత్రాలు రాసినది తానేనని అక్కడే ఒప్పుకున్నారు. సంఘాలు నడిపిన మనకు ఆ ధైర్యం విలువ తెలుసు.

తరువాత రాజకీయాలు తగ్గించి, జబ్బుల గురించి సామాన్యులకు అర్థమయ్యే పుస్తకాలు రాశారు. 1800లో ప్రత్యేకించి పల్లెజనం కోసం ఒకటి రాశారు. శిలాజాలంటే ఆయనకు ప్రాణం. వాటిపై మూడు సంపుటాలు వెలువరించారు, 1807లో లండన్ భూగర్భశాస్త్ర సంఘం స్థాపకులలో ఒకరయ్యారు. రాతిలోని సన్నని గీతను పట్టుకునే ఆ చూపే మనుషుల మీద కూడా పనిచేసిందని నా నమ్మకం.

అరవై దాటిన వయసులో, 1817లో, వణుకు జబ్బుపై 66 పేజీల చిన్న పుస్తకం ప్రచురించారు. అందులో వివరించినది ఆరుగురినే. వారిలో ముగ్గురు ఆయన వద్దకు వైద్యానికి వచ్చినవారు కారు, వీధిలో కంటబడినవారు. ఒకరినైతే దూరం నుంచి చూశారు, అంతే. ఊరికే ఉన్నప్పుడు వణికే చెయ్యి, ముందుకు వంగిన నడుము, తమకు తెలియకుండానే పరుగులోకి మారే నడక, మలబద్ధకం, చెడిన నిద్ర — అన్నీ కలిపి ఇది ఒకే జబ్బు అని గుర్తించారు. రోజూ ఎందరో చూసి పక్కకు తప్పుకున్న ముసలివారిని ఆయన ఆగి చూశారు. తెలియనిచోట ఊహిస్తున్నానని దాచకుండా చెప్పి, మిగిలినది ఇతరులు పరిశోధించాలని కోరారు. 1824 డిసెంబరు 21న కన్నుమూశారు.

ఇక నా సంగతి. ఒక నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకు వెళితే, సంతకం కలవడం లేదని ఫారం తిప్పి ఇచ్చారు. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళ మీద చేసిన సంతకం అది! మళ్ళీ చేశాను. మొదటి అక్షరం బాగానే వచ్చి, చివరకు చీమలబారు అయింది. గుమాస్తా మీద కోపంతో ఇంటికి వచ్చాను. మా ఆవిడ అప్పటికే ఇంకొన్ని గమనించింది. నడిచేటప్పుడు నా కుడిచెయ్యి ఊగడం లేదు. చొక్కా గుండీలకు పది నిమిషాలు పడుతోంది. ఇంగువ పోపు వాసన తెలియడం లేదు. అన్నిటికీ వృద్ధాప్యమని పేరుపెట్టి ఊరుకున్నాను. చెయ్యి వణకడం లేదు గదా అని నా ధీమా. ఏడాదిన్నర తరువాత స్నానాలగదిలో పడితేగాని నరాల వైద్యుని వద్దకు వెళ్ళలేదు.

వణుకు లేకుండా కూడా ఈ జబ్బు రావచ్చునని ఆయనే నాకు చెప్పారు. పార్కిన్సన్ తరువాత కొన్ని దశాబ్దాలకు పారిస్‌లో షార్కో అనే వైద్యుడు ఆ సంగతి గ్రహించి, కండరాల బిగుతునూ చేర్చి, జబ్బుకు పార్కిన్సన్ పేరు పెట్టారట. అలాగే వణికే ప్రతి చెయ్యీ ఈ జబ్బు కాదు. తేల్చవలసినది వైద్యుడే.

మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు క్రమంగా నశించడం దీనికి మూలం. పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదు. కాని 1960ల చివర నుంచి వాడుకలో ఉన్న లెవోడోపా కదలికను చాలావరకు తిరిగి ఇస్తుంది. నేను నేర్చుకున్నవి చెబుతాను. మాత్ర గడియారం ప్రకారం వేసుకోవాలి. పప్పు, పెరుగు, గుడ్డు వంటివి కొందరిలో మందును అడ్డగిస్తాయి గనుక భోజనానికి ఎంత ముందు వేసుకోవాలో వైద్యుని అడగాలి. సొంతంగా హఠాత్తుగా మానరాదు, ప్రమాదం. దూలగొండి గింజల్లోనూ ఈ మందే ఉన్నది గనుక, ఆ చూర్ణాన్ని వైద్యునికి చెప్పకుండా కలపరాదు. రోజూ నడక, వ్యాయామం మందుతో సమానంగా అవసరం. గొంతు తగ్గకుండా ఉదయం పేపరు బిగ్గరగా చదువుతాను. స్నానాలగది గోడకు పట్టుకోవడానికి కడ్డీ పెట్టించాము.

1997 నుంచి ఆయన పుట్టినరోజును ప్రపంచ పార్కిన్సన్ దినంగా పాటిస్తున్నారు. వ్యాసంతోపాటు ఫొటో పంపలేకపోయినందుకు సంపాదకులు మన్నించాలి. ఆయన పోయేనాటికి ఫొటోలు లేవు, చిత్రపటమూ మిగలలేదు. అందరినీ అంత శ్రద్ధగా చూసిన మనిషి ముఖం మనకు తెలియదు.

మిత్రులకు ఒక్క మనవి. మన నెలవారీ సమావేశానికి ఎవరైనా కాళ్ళు ఈడుస్తూ వస్తే, ముఖంలో నవ్వు తగ్గితే, సంతకం చిన్నదైతే, వయసు మీదపడిందని ఊరుకోకండి. ఆగి చూడండి, వైద్యుని వద్దకు పంపండి. నేను పోగొట్టుకున్న ఏడాదిన్నర ఇంకొకరు పోగొట్టుకోరాదు.

సభ్యులందరికీ ఆయురారోగ్యాలు కోరుతూ, గీతల కాగితం మీద పెద్ద అక్షరాలతో సంతకం చేసి ముగిస్తున్నాను.

— ఒక సభ్యుడు