కోబాల్ అమ్మమ్మ

కంప్యూటర్ ఆఫీసుల్లో ఒక వేళాకోళం తరచూ వినిపిస్తుంటుంది. పదిమంది పని ఒక్కడే చేసిపారేసే ప్రోగ్రామర్ ఒకడుంటాడట! నిద్రపోడు, ఇంటికెళ్లడు, కాఫీ మీదే బతుకుతాడు. అతగాడు రాసింది ఇంకెవరికీ అర్థం కాదు. ఒక్కరోజు సెలవు పెట్టాడంటే ఆఫీసు మూతే!

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఇలాంటి కథ మనకేం కొత్త? ఒంటిచేత్తో సంసారం నెట్టుకొచ్చే ఇల్లాలి గురించి చెప్పుకునేదీ ఇదే కదా! పొగడ్తేమో ఆమెకి, సుఖం మిగతావాళ్లకి.

అలాంటి పొగడ్తలు ఎన్నయినా అందుకోదగ్గ మనిషై ఉండీ, పని పదిమందికీ అందాలని జీవితమంతా పాటుపడిన ఒకావిడ ఉంది. ఆమే గ్రేస్ హాపర్.

1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌లో పుట్టింది గ్రేస్. ఏడేళ్లప్పుడు అలారం ఎలా మోగుతుందో చూద్దామని గడియారం విప్పేసింది. తిరిగి బిగించడం రాలేదు. ఇంకోటి విప్పింది. అలా ఇంట్లో ఏడు గడియారాలూ ఊడిపోయాక గానీ తల్లికి తెలియలేదు. అయినా ఆ తల్లి ఆట మాన్పించలేదు. ఇకమీదట ఒక్క గడియారంతోనే సరిపెట్టుకోమంది, అంతే!

లాటిన్‌లో మార్కులు చాలక వాసర్ కాలేజీలో మొదటిసారి సీటు రాలేదు. మరుసటేడు చేరి 1928లో డిగ్రీ పుచ్చుకుంది. 1934లో యేల్ యూనివర్సిటీ నుంచి లెక్కల్లో డాక్టరేట్ అందుకుంది. ఈలోగా పెళ్లయింది, చదివిన కాలేజీలోనే పాఠాలు చెప్పే ఉద్యోగమూ వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో చేరతానంటే వయసు మీరిందన్నారు, బరువు చాలదన్నారు. ఆమె వింటేగా! పట్టుబట్టి 1943లో చేరింది. మరుసటేడు హార్వర్డ్‌లో మార్క్-1 అనే కంప్యూటర్ దగ్గర పడేశారు. దాని పొడవు 51 అడుగులు! అక్కడ గ్రేస్, ఆమె తోటివారు రిచర్డ్ బ్లాక్, రాబర్ట్ క్యాంప్‌బెల్ ఒకరి నోటుబుక్కులోంచి ఒకరు పనికొచ్చే ముక్కలు ఎక్కించుకునేవారు. చేత్తో ఎక్కిస్తుంటే తప్పులు దొర్లేవి. ఈ ఎక్కించే చాకిరీ యంత్రమే చేస్తే పోలా అన్న ఆలోచనకి బీజం అక్కడే పడింది.

కానీ రాత్రీపగలూ పనిలో మునిగిన మనిషికి దాని ఖరీదూ తెలిసింది. 1945లో విడాకులు. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1949లో ఫిలడెల్ఫియాలో ఎకర్ట్, మాక్లీల కంపెనీలో చేరేనాటికి తాగుడు అలవాటు ఆమెని కుంగదీస్తోంది. ఓ స్నేహితుడు ఉత్తరం రాసి మరీ హెచ్చరించాడు. ఒంటరిగా అంతా మోసేవాళ్ల కథల్లో ఈ పేజీ మాత్రం ఎవరూ చదవరు.

అలాంటి రోజుల తర్వాతే 1952లో ఆమె తొలి కంపైలర్లలో ఒకటైన ఏ-0ని తయారుచేసింది. ముందే రాసిపెట్టిన ముక్కల్ని నంబరు చెబితే చాలు, యంత్రమే వెతికి తెచ్చి కలిపేది. ఆపైన మామూలు ఇంగ్లీషు మాటలతో ప్రోగ్రాం రాయొచ్చని ఫ్లో-మాటిక్ భాషతో నిరూపించింది. లెక్కల పండితులకే కాదు, ఆఫీసులో జీతాల పద్దులు చూసేవాళ్లకీ కంప్యూటర్ అందాలన్నది ఆమె పంతం.

1959లో మొదలైన కోబాల్ భాషకి ఈ ఫ్లో-మాటికే పునాది. అందుకే ఆమెని ముద్దుగా కోబాల్ అమ్మమ్మ అన్నారు. నిజానికి కోబాల్‌ని రూపుదిద్దింది ఒక కమిటీ. అందులో జీన్ సామెట్ లాంటి ఆడవాళ్లూ ఉన్నారు. 1947లో మార్క్-2 రిలేలో ఇరుక్కున్న రెక్కల పురుగు కథా అంతే. పట్టుకుని లాగ్‌బుక్కులో అంటించింది తోటివాళ్లు. తప్పుని బగ్ అనడం ఇంజనీర్లకి అంతకుముందే అలవాటు. గ్రేస్ ఆ కథని చక్కగా చెప్పేది కాబట్టి ఆమె పేరు మీదే నిలిచిపోయింది.

ఇంతకీ ఆ పదిమంది పెట్టు ప్రోగ్రామర్ ఎక్కడినుంచి వచ్చాడు? 1968లో అచ్చయిన ఒక అధ్యయనంలో, తప్పులు దిద్దే పనిలో అందరికన్నా ముందున్నవారికీ అందరికన్నా వెనకున్నవారికీ మధ్య 28 రెట్ల తేడా కనబడింది. పరీక్షకి కూర్చున్నది కొద్దిమందే, అదీ మొదటివారికీ చివరివారికీ పోలిక! సగటు మనిషితో కాదు. కథకి మాత్రం అదే చాలింది.

గ్రేస్ దారి వేరు. ఉపన్యాసానికి వచ్చినవాళ్లకి సుమారు 30 సెంటీమీటర్ల తీగముక్కలు పంచేది. సెకనులో వంద కోట్లో వంతులో కాంతి వెళ్లగల దూరం అదేనని చూపించేది. తన విజయాలన్నిటికన్నా తను తర్ఫీదిచ్చిన కుర్రాళ్లూ అమ్మాయిలే గొప్ప అనుకునేది. 1986లో 79 ఏళ్ల వయసులో రియర్ అడ్మిరల్‌గా రిటైరైంది. 1992 జనవరి 1న కన్నుమూసింది.

ఆ తర్వాత కొన్నేళ్లకే 2000 సంవత్సరం సమస్య ముంచుకొచ్చింది. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో తేదీలు సరిదిద్దడానికి మన తెలుగు పిల్లలెందరో అమెరికా విమానమెక్కారు. వాళ్లు దిద్దగలిగారంటే ఎవరో రాసింది ఇంకొకరికి అర్థమయ్యేలా ఉండబట్టే.

ఇంట్లోనూ అంతే. పోపుడబ్బా ఎక్కడుందో మీ ఒక్కరికే తెలిస్తే అది గొప్పతనం కాదండీ... శెలవు లేని కొలువు!