చివరి మైళ్ళ బాటసారి అల్ వాఫీ

ఏ పనికైనా ఆరంభంలో ఉత్సాహం ఉంటుంది. ముగింపు దగ్గరపడేకొద్దీ ఓపిక సన్నగిల్లుతుంది. అక్కడ నిలబడగలిగిన వాడినే లోకం మొనగాడు అంటుంది. ఉర్దూలో మనం ‘సబ్ర్’ అనే మాట తరచూ వాడుతుంటాం. చాలామంది దానికి చేతులు ముడుచుకుని కూర్చోవడమని అర్థం చెప్పుకుంటారు. కానీ కాళ్ళు ఇక కదలమని మొరాయిస్తున్నా అడుగు ముందుకు వేయడం కూడా సబ్రే. దానికి సాక్ష్యంగా నిలిచిన ఒక కార్మికుని జీవితాన్ని ఈ వారం మన పాఠకుల ముందు ఉంచుతున్నాం. ఆయన పేరు అహ్మద్ బూఖెరా అల్ వాఫీ. ఒలింపిక్ మారథాన్‌లో స్వర్ణ పతకం గెలిచిన తొలి అరబ్బు ఆయనే.

మన విశాఖవాసులకు మారథాన్ కొత్త మాట కాదు. నౌకాదళం నిర్వహించే మారథాన్ రోజున తెల్లవారక ముందే రామకృష్ణా బీచ్ జనంతో నిండిపోతుంది. పూర్తి మారథాన్ దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు, అంటే 26 మైళ్ళ పైచిలుకు. విశాఖ సముద్రతీరం నుంచి అనకాపల్లి దాకా ఇంచుమించు అంత దూరం ఉంటుంది. దాన్ని ఆగకుండా పరుగెత్తాలి.

అల్ వాఫీ అల్జీరియాలో సహారా ఎడారి అంచున ఉన్న ఔలాద్ జలాల్ అనే ఒయాసిస్ ఊరిలో 19వ శతాబ్దం చివరి సంవత్సరాలలో జన్మించారు. బిస్క్రా పట్టణానికి దగ్గరి ఊరు అది. 1830లో అల్జీరియాను ఆక్రమించిన ఫ్రెంచివారే అప్పటికీ ఆ దేశాన్ని ఏలుతున్నారు. అక్కడి ముస్లిములు ఫ్రాన్స్ ప్రభుత్వానికి ప్రజలే గానీ పౌరులు కారు. పన్ను కట్టాలి, సైన్యంలో చేరాలి. హక్కుల మాట వచ్చేసరికి మాత్రం వెనుక వరుసలో నిలబడాలి. అల్ వాఫీ కూడా ఫ్రెంచి సైన్యంలో చేరారు. అక్కడే ఆయన పరుగు అధికారుల కంటపడింది.

1924లో పారిస్ ఒలింపిక్స్ జరిగాయి. ఫ్రాన్స్ తరఫున మారథాన్‌లో పాల్గొన్న అల్ వాఫీ ఏడవ స్థానంలో నిలిచారు. పతకం రాలేదు. ఆయన పారిస్ పక్కనే ఉన్న బిలాంకూర్‌లోని రెనో మోటారు కార్ల కర్మాగారంలో కూలికి కుదిరారు. పగలంతా యంత్రం ముందు నిలబడి పని. పని దిగాక పరుగు సాధన. మన గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఉండే ఉక్కు కార్మికుల ఇళ్ళలో ఈ కష్టాన్ని వేరే వివరించనక్కరలేదు. షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చిన మనిషికి చెప్పులు విప్పడానికే ఓపిక ఉండదు. అలాంటి ఒంటితో ఆయన మళ్ళీ వీధిలోకి వెళ్ళి మైళ్ళకు మైళ్ళు పరుగెత్తేవారు.

1928 ఆగస్టు 5న హాలండ్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒలింపిక్ మారథాన్ జరిగింది. అరవై మందికి పైగా పోటీలో ఉన్నారు. అందరి చూపూ ఫిన్లాండ్, జపాన్, అమెరికా వీరుల మీదే. అల్ వాఫీని పట్టించుకున్నవారు లేరు. మొదటి సగం దూరం ఆయన ముందు వరుసలో లేరు కూడా. తొందరపడకుండా, తన లెక్క ప్రకారం తాను పరుగెత్తుతూ ఉన్నారు. జపాన్‌కు చెందిన యమదా, అమెరికాకు చెందిన జోయీ రే ముందున్నారు.

మారథాన్‌లో అసలు పరీక్ష 30 కిలోమీటర్లు దాటాక మొదలవుతుంది. మనం తిన్న అన్నం, రొట్టెల నుంచి వచ్చే శక్తిలో కొంత కండరాలలోనూ కాలేయంలోనూ నిలవ ఉంటుంది. సుమారు 30 నుంచి 35 కిలోమీటర్ల మధ్య ఆ నిలవ అడుగంటుతుంది. అప్పుడు కాళ్ళు సీసపు కడ్డీల్లా బరువెక్కుతాయి, తల తిరుగుతుంది, ఆగిపొమ్మని మనసు పోరుతుంది. ఎదురుగా గోడ లేచినట్టు ఉంటుందని పరుగువీరులు చెబుతారు. మొదట్లో ఆవేశంతో శక్తినంతా ఖర్చు చేసినవాడు అక్కడ కూలబడతాడు. పొదుపుగా వాడుకున్నవాడికి కొంత మిగులుతుంది. అయితే ఆ మిగిలినదాన్ని బయటకు తీయడానికి గుండె నిబ్బరం కావాలి.

ఆ చివరి మైళ్ళలోనే అల్ వాఫీ ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చారు. జోయీ రే వెనుకబడ్డాడు, ముందున్న యమదా కూడా వెనుకబడ్డాడు. చిలీ దేశానికి చెందిన మాన్యుయెల్ ప్లాసా, పత్రికలు అమ్ముకుని బతికిన పేదవాడు, ఆయన వెన్నంటే వచ్చాడు. అల్ వాఫీ వేగం తగ్గించలేదు. 2 గంటల 32 నిమిషాల 57 సెకన్లలో ఆయన గీత దాటారు. ప్లాసా 26 సెకన్ల తరువాత వచ్చాడు. కర్మాగారపు కూలి ప్రపంచ విజేత అయ్యాడు. పతకం మాత్రం ఫ్రాన్స్ ఖాతాలో పడింది.

చాలా జీవిత కథలు ఇక్కడితో ముగుస్తాయి. అల్ వాఫీ జీవితంలో కష్టమైన మైళ్ళు ఈ గీత దాటాకనే మొదలయ్యాయి. గెలుపు తరువాత ఆయన అమెరికా వెళ్ళి డబ్బు తీసుకుని ప్రదర్శన పరుగులలో పాల్గొన్నారు. ఆ రోజులలో ఒలింపిక్ క్రీడాకారుడు ఆటకు పైసా తీసుకోరాదు. తాతల ఆస్తి ఉన్నవాడికి ఆ నియమంతో ఇబ్బంది లేదు. రెక్కాడితే గానీ డొక్కాడని కూలికి అది ఉరితాడే. ఆయన మీద వేటు పడింది, ఇక పోటీలలో పాల్గొనే వీలు లేకపోయింది. దాచుకున్న డబ్బుతో పారిస్‌లో ఒక కేఫ్ పెట్టుకున్నారు. అందులో భాగస్వామి చేతిలో మోసపోయారని ఆయన జీవితాన్ని పరిశీలించినవారు చెబుతారు. మళ్ళీ కూలి పనులు, ఆపై పేదరికం. పాతికేళ్ళు దాటేసరికి ఆయన బతికి ఉన్నారో లేదో కూడా జనానికి పట్టలేదు.

ఆయనను మరువని మనిషి ఒకరు వచ్చారు. అల్జీరియాలోనే పుట్టిన అలాన్ మిమూన్ 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ మారథాన్‌ను ఫ్రాన్స్ తరఫున గెలిచారు. అల్ వాఫీ గెలిచిన 28 ఏళ్ళకు అదే పందెంలో, అదే మట్టిలో పుట్టిన మరో బిడ్డ. ఫ్రాన్స్ అధ్యక్షుడు రెనే కోటీ మిమూన్‌ను తన భవనానికి ఆహ్వానించినప్పుడు, మిమూన్ చొరవతో అల్ వాఫీకి కూడా ఆ గౌరవం దక్కింది. పత్రికలవారు ఆయన కోసం చందాలు పోగుచేశారు. తన మెడలో దండ పడిన వేళ తనకంటే ముందు నడిచినవాడిని గుర్తు చేసుకోవడం చిన్న సంగతి కాదు.

ఆ వెలుగు ఎక్కువ కాలం నిలవలేదు. అల్జీరియా స్వాతంత్ర్య పోరాటం సాగుతున్న రోజులవి. 1959 అక్టోబరు 18న పారిస్ శివారులోని సాఁ దెనీలో తుపాకి గుండ్లకు అల్ వాఫీ బలయ్యారు. కారణాన్ని ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతారు. బోబిన్యీలోని ముస్లిముల ఖబరస్తాన్‌లో ఆయనను ఖననం చేశారు. మరి మూడేళ్ళకు, 1962లో, అల్జీరియా స్వతంత్రమైంది. చాలా ఏళ్ళ తరువాత సాఁ దెనీలో ఒక వీధికి ఆయన పేరు పెట్టారు.

అరబ్బీలో ‘వాఫీ’ అంటే పూర్తిగా ఇచ్చేవాడు, బాకీ ఉంచనివాడు అని అర్థం. మనం వాడే ‘వఫా’ అనే మాట కూడా అదే మూలం నుంచి వచ్చింది. ఆయన తన ఒంట్లో ఉన్నదంతా ఇచ్చారు. బదులుగా ఆయనకు దక్కిన వఫా ఎంత అన్నదే ఈ కథ అడిగే ప్రశ్న.

ఈ ప్రశ్న పారిస్ వారికి మాత్రమే కాదు. మన విశాఖ రేవులో బరువులు మోసి నడుము వంగిన పెద్దలున్నారు. కొలిమి వేడికి చూపు తగ్గిన కార్మికులున్నారు. పదిహేను, ఇరవై ఏళ్ళు గల్ఫ్‌లో చెమటోడ్చి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసి, తమ్ముళ్ళను చదివించి, ఖాళీ చేతులతో తిరిగొచ్చిన అన్నలు మన ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. వారు డబ్బు పంపినన్నాళ్ళు వారి పేరు ఇంటింటా వినిపించింది. ఇప్పుడు వారు చివరి మైళ్ళు పరుగెత్తుతున్నారు. ఆ దారిలో చప్పట్లు కొట్టేవారు కనబడరు.

ఈ శుక్రవారం నమాజు నుంచి తిరిగి వచ్చేటప్పుడు అలాంటి ఒక ఇంటి తలుపు తట్టండి. మీ పిల్లలను కూడా వెంట తీసుకువెళ్ళండి. కాసేపు కూర్చుని ఆయన పని చేసిన రోజుల గురించి అడగండి. మందులకు ఏమైనా కావాలేమో ఇంట్లో వారిని మెల్లగా కనుక్కోండి. మిమూన్ చేసిన పని అదే.