డాక్టర్ కె.ఎల్. రావు: దేశమంతటికీ ఒకే నీటి పటం గీసిన ఇంజనీరు

మన కాలేజీలో సివిల్ వాళ్ళని వదిలేస్తే మిగతా బ్రాంచీల వాళ్ళకి కానూరి లక్ష్మణరావు గారి పేరు పెద్దగా తెలీదు. సివిల్ వాళ్ళలోనూ చాలామందికి తెలిసింది ఒక్కటే: పులిచింతల ప్రాజెక్టుకి ఆయన పేరు పెట్టారని. నాకూ మొన్నటిదాకా అంతే.

మాది మార్కాపురం దగ్గర పల్లెటూరు. ఎండాకాలం సెలవులకి ఇంటికెళ్తే నా డ్యూటీ ట్యాంకరు దగ్గర బిందెలు వరసలో పెట్టి కాపలా కాయడం. అలా నిలబడ్డప్పుడు ఒక డౌటు వచ్చేది. నాగార్జునసాగర్ కుడి కాలువ ప్రకాశం జిల్లాలోకి వస్తుంది కదా, మరి మా చేలకి ఎందుకు రాదు? దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే ఆ డ్యామ్ డిజైన్ వెనకున్న మనిషి కనిపించారు. తీరా చూస్తే ఆయన జీవితమంతా ఇలాంటి ప్రశ్న చుట్టూనే తిరిగింది. నీళ్ళు ఎవరివి? ఊరివా, రాష్ట్రానివా, దేశానివా?

లక్ష్మణరావు గారు 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. తండ్రి ఊరి కరణం. పిల్లవాడికి తొమ్మిదేళ్ళప్పుడు ఆయన చనిపోయారు. బడిలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. తండ్రి లేని ఇల్లు, ఒకే కన్ను. అయినా చదువు ఆగలేదు. మద్రాసు వెళ్ళి గిండీ కాలేజీలో ఇంజనీరింగ్ చదివారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ డిగ్రీ తీసుకున్న మొదటి విద్యార్థి ఆయనే. రంగూన్‌లో పాఠాలు చెప్పారు. తర్వాత ఇంగ్లండ్ వెళ్ళి 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తెచ్చుకున్నారు. అక్కడే కొంతకాలం అధ్యాపకుడిగా పనిచేశారు. రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు మీద ఒక పుస్తకం కూడా రాశారు.

అక్కడే స్థిరపడిపోయినా అడిగేవాళ్ళు లేరు. కానీ ఆయన తిరిగొచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేరారు. 1950లో ఢిల్లీ వెళ్ళి డిజైన్ల విభాగం డైరెక్టర్ అయ్యారు. 1954 నాటికి కేంద్ర జల విద్యుత్ కమిషన్‌లో చీఫ్ ఇంజనీర్. స్వాతంత్ర్యం వచ్చి ఇంకా పదేళ్ళు కాలేదు. దేశంలో ఎటు చూసినా డ్యాముల కబుర్లే. ఏ నది మీద ఏం కట్టాలన్నా ఆ ఫైలు డిజైన్ టేబుల్ మీదికి రావాల్సిందే.

నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. నదికి అడ్డంగా 124 మీటర్ల ఎత్తున కట్టే ఆ గోడని కాంక్రీటుతో కాకుండా రాతి కట్టడంగా లేపారు. దీని వెనక లక్ష్మణరావు గారి ఆలోచన ఉంది. అప్పుడు మన దగ్గర సిమెంటుకి కొరత, పెద్ద యంత్రాలకి కొరత, బయటి దేశాల నుంచి కొనడానికి విదేశీ మారకానికి కొరత. లేనిది డబ్బు, ఉన్నవి రాయి, మనుషుల చేతులు. ఉన్నవాటితో కట్టేలా డిజైన్ మార్చుకుంటే ఖర్చు తగ్గుతుంది, వేలమందికి కూలి దొరుకుతుంది. మనం ప్రాజెక్ట్ రిపోర్టుల్లో ఆప్టిమైజేషన్ అని రాస్తామే, అది ఇదే. కాకపోతే ఆయన చేసింది కృష్ణా నది మీద. దాదాపు కిలోమీటరున్నర పొడవున్న ఆ రాతి గోడ ప్రపంచంలోని పెద్ద రాతి డ్యాముల్లో ఒకటిగా నిలిచింది.

ఉద్యోగంలో ఉండగానే ఆయనకి ఒక సంగతి తెలిసొచ్చి ఉండాలి. డ్యామ్ ఎంత ఎత్తు ఉండాలో ఇంజనీరు చెప్పగలడు. ఆ నీళ్ళు ఎవరికి పోవాలో మాత్రం డిజైన్ ఆఫీసులో తేలదు, చట్టసభలో తేలాలి. 1962లో ఆయన విజయవాడ నుంచి లోక్‌సభకి పోటీ చేసి గెలిచారు. 1967లో, 1971లో కూడా గెలిచారు. 1963లో పద్మభూషణ్ వచ్చింది, అదే ఏడాది జూలైలో కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖ అప్పగించారు. ఆ నెలలోనే నెహ్రూ గారు శ్రీశైలం ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశారు. నెహ్రూ, శాస్త్రి, ఇందిర, ముగ్గురి ప్రభుత్వాల్లోనూ ఆయన మంత్రే. తర్వాత 1978లో రాసిన ఆత్మకథకి ది క్యూసెక్స్ కాండిడేట్ అని పేరు పెట్టుకున్నారు. రాజకీయాల్లోకి వచ్చాక కూడా తనని తాను ఏమనుకున్నారో ఆ పేరే చెప్తుంది.

ఆ కుర్చీ పూలపాన్పు కాదు. 1951లో రాష్ట్రాలు కృష్ణా నీళ్ళు పంచుకోవడానికి ఒక ఏర్పాటు చేసుకున్నాయి, మైసూరు దానికి ఒప్పుకోలేదు. 1956లో రాష్ట్రాల సరిహద్దులే మారిపోయాయి. పాత లెక్కలు కొత్త పటానికి సరిపోలేదు. మహారాష్ట్ర, మైసూరు, ఆంధ్రప్రదేశ్ మూడూ కృష్ణా మాదంటే మాదన్నాయి. దిగువ రాష్ట్రం నుంచి వచ్చిన మంత్రి మధ్యవర్తిగా కూర్చుంటే పై రాష్ట్రాలకి అనుమానం రావడం సహజం. చివరికి 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేశారు. నమ్మదగిన ప్రవాహం 2,060 టీఎంసీలని తేల్చి, అందులో 800 ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చారు.

అసలు చిక్కు మన రాజ్యాంగంలోనే ఉంది. నీళ్ళు, కాలువలు, నిల్వ రాష్ట్రాల జాబితాలో 17వ అంశం. రాష్ట్రాలు దాటి పారే నదుల నియంత్రణ కేంద్ర జాబితాలో 56వ అంశం, అదీ పార్లమెంటు చట్టం చేసినంత మేరకే. ఆ అధికారంతో 1956లో నదీ బోర్డుల చట్టం తెచ్చారు. దాని కింద ఇప్పటిదాకా ఒక్క బోర్డు కూడా ఏర్పడలేదు. కరెంటు విషయానికొస్తే, ఇవాళ దేశమంతా ఒకే గ్రిడ్, దాన్ని నడిపే సంస్థలు ఉన్నాయి. నీళ్ళకి అలాంటిది లేదు. ఉండాలా వద్దా అన్న వాదన మాత్రం అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది.

ఆ వాదనని దేశం ముందు పెద్ద ఎత్తున పెట్టింది లక్ష్మణరావు గారే. 1972లో ఆయన గంగా కావేరి అనుసంధానాన్ని ప్రతిపాదించారు. వరద రోజుల్లో, అంటే ఏడాదికి సుమారు 150 రోజులు, పాట్నా దగ్గర గంగ నుంచి 60,000 క్యూసెక్కులు తీసుకోవాలి. అందులో 10,000 గంగా పరీవాహకంలోనే వాడుకుని, మిగతా 50,000 దక్షిణాదికి పంపాలి. సోన్, నర్మద, తపతి, గోదావరి, కృష్ణ, పెన్న దాటుకుంటూ కావేరి దాకా 2,640 కిలోమీటర్లు. దీనికి జాతీయ జల గ్రిడ్ అని పేరొచ్చింది. ఒక చోట వరదలో ఊళ్ళు కొట్టుకుపోతుంటే ఇంకో చోట గొంతు తడవక మనుషులు వలసపోవడం ఒకే దేశంలో ఎలా కుదురుతుందన్నదే ఆయన ఆలోచన సారం.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. మార్కాపురం పలకల ఊరు కదా, పలక మీదే వేసేద్దాం. 50,000 క్యూసెక్కులంటే సెకనుకి సుమారు 1,416 ఘనపు మీటర్లు. ఆ దారిలో నీటిని ఎత్తాల్సిన ఎత్తు 549 మీటర్లు. సాంద్రత, గురుత్వ త్వరణం, ఎత్తు, ప్రవాహం గుణించి చూడండి. పంపుల్లో పోయే నష్టాలు కలపకుండానే దాదాపు 7,600 మెగావాట్లు వస్తుంది. ప్రతిపాదనలో వేసిన అంచనా 5,000 నుంచి 7,000 మెగావాట్లు. అప్పటికి దేశం మొత్తం విద్యుత్ స్థాపిత సామర్థ్యం దాదాపు 16,000 మెగావాట్లే. అంటే దేశంలో ఉన్న కరెంటులో సగానికి దగ్గరగా ఒక్క కాలువకే కావాలి.

అందుకే కేంద్ర జల సంఘం ఒప్పుకోలేదు. 12,500 కోట్ల అంచనా మరీ తక్కువని, కరెంటు భారం మోయలేమని, వరదలు కూడా తగ్గవని తేల్చింది. ప్రతిపాదన పక్కకి పోయింది, ఆలోచన మాత్రం పోలేదు. 1980లో కేంద్రం నదుల అనుసంధానానికి జాతీయ దృక్పథ ప్రణాళిక తయారుచేసింది. 1982లో జాతీయ జల అభివృద్ధి సంస్థ పెట్టింది. కానీ అది సర్వేలు చేసే సంస్థ, నివేదికలు రాసే సంస్థ. తలుపు తీసి నీళ్ళు వదిలే అధికారం దానికి లేదు. ఆ ప్రణాళికలో మొదటి అనుసంధానంగా కెన్, బెత్వా నదుల్ని కలిపే పనికి శంకుస్థాపన జరిగింది 2024 డిసెంబర్‌లో.

ఇప్పుడు మా ట్యాంకరు దగ్గరికి తిరిగొద్దాం. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు సాగర్ కాలువలకి నీళ్ళు వదిలినప్పుడు కేంద్రంలో సంబంధిత మంత్రి లక్ష్మణరావు గారే. కుడి కాలువ గుంటూరు మీదుగా వచ్చి దర్శి, అద్దంకి వైపు భూములకి పారింది. నల్లమల పక్కనున్న మార్కాపురం, గిద్దలూరు మెట్ట నేలలు కాలువకి ఎగువన ఉండిపోయాయి. కాలువ వాలునే నమ్ముకుని పోతుంది, ఎవరినీ పక్షపాతంతో చూడదు. కానీ ఆ వాలుని ఎక్కడ మొదలుపెట్టాలన్నది మనుషులు తీసుకునే నిర్ణయం. అప్పటికి మా రెండు తాలూకాలూ కర్నూలు జిల్లాలో చివరి మూల. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక పడమటి మూల అయ్యాయి. రెండు చోట్లా మూలే.

మా వైపు నీళ్ళ కోసం తవ్వుతున్నది వెలిగొండ. శ్రీశైలం జలాశయం వెనక కొల్లంవాగు దగ్గర నుంచి నల్లమల కింద 18.8 కిలోమీటర్ల జంట సొరంగాలు, 43.5 టీఎంసీలు, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో కలిపి 4.47 లక్షల ఎకరాలు, 15.25 లక్షల మందికి తాగునీరు. ఈ ప్రాంతం కోసం పోరాడిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య గారి పేరు పెట్టారు. శంకుస్థాపన 1996లో. రెండో సొరంగం తవ్వకం ముగిసింది 2024 మొదట్లో. సొరంగం తవ్వితే సరిపోదు, ముంపు ఊళ్ళ వాళ్ళకి పునరావాసం కావాలి, కాలువలు కావాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏంటంటే, వెలిగొండ నమ్ముకున్నది కృష్ణలో వరద నీళ్ళని. బచావత్ వాటాల్లో దానికి హక్కుగా చుక్క లేదు. వరదొస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. గోదావరి నీళ్ళని నల్లమలసాగర్ దాకా తెద్దామని ఈమధ్య ప్రతిపాదన వస్తే తెలంగాణ అభ్యంతరం చెప్పింది. యాభై ఏళ్ళ కిందట లక్ష్మణరావు గారి ముందున్న వాదనే, పేర్లు మారాయంతే.

మరి ఆయన అనుకున్నట్టు దేశానికంతా ఒకే నీటి వ్యవస్థ ఉండుంటే మా ఊరికి నీళ్ళు వచ్చేవా? ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు వచ్చేవనే అనుకున్నాను. ఇప్పుడు అంత ధీమా లేదు. పదేళ్ళపాటు ఢిల్లీలో ఆ శాఖ దగ్గర కూర్చున్నది మన తెలుగు ఇంజనీరే, కృష్ణా జిల్లా మనిషే. అయినా మా మూల ఎండే ఉంది. అలాగని రాష్ట్రాలకే వదిలేస్తే వాటాల గొడవల్లో తరాలు గడిచిపోతున్నాయి. పటం దేశమంత పెద్దదైనా ఊరంత చిన్నదైనా, దాన్ని గీసే బల్ల దగ్గర ఎగువ నేల తరఫున మాట్లాడేవాళ్ళు ఒకరుండాలి. ఆ మనిషి లేకపోతే గీత మన పక్కనుంచే పోతుంది.

లక్ష్మణరావు గారు 1986 మే 18న కన్నుమూశారు. ఆయన కట్టించిన రాతి గోడ నిలబడే ఉంది. ఆయన గీసిన పెద్ద గీత కాగితం మీదే ఉండిపోయింది. ఆ లెక్కలో తప్పులున్నాయి, ఇందాక పలక మీద మనమే చూశాం. కానీ ఒక కంటి చూపుతో గంగ నుంచి కావేరి దాకా ఒకే చూపులో చూడబోయిన మనిషిని తక్కువ చేయలేం. తప్పు దిద్దడం తర్వాత బ్యాచ్ పని. అంటే మన పని. ఈ వేసవికి కూడా నా బిందెలు వరసలోనే ఉంటాయి. మీలో ఎవరికైనా ఇంతకంటే మంచి లెక్క తడితే చెప్పండి, పలక నా దగ్గరుంది.